టోపీ కొనేముందు లోపలికి చూడండి

మన బందరు పేరు ఒక ఐర్లాండు పటాలం జెండా ఎక్కిందంటే నమ్ముతారా? పటాలం పేరు రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి పట్టుకున్నప్పుడు ఆయన వెంట కలకత్తా నుంచి ఓడల్లో వచ్చిన కంపెనీ తెల్ల సిపాయిలున్నారు. ఆ దళమే పేర్లు మార్చుకుంటూ, యజమానుల్ని మార్చుకుంటూ 1881లో ఈ ఐర్లాండు పటాలంగా తేలింది. దాని యుద్ధగౌరవాల్లో ‘మసూలిపటం’ ఒకటి. అంతకు నాలుగు నెలల ముందు గోదావరి అవతల జరిగిన చందుర్తి యుద్ధం ‘కాండోర్’ పేరుతో ఇంకొకటి. 1922లో పటాలాన్ని రద్దు చేశారు. దాని టోపీ బిళ్ల మాత్రం ఇప్పటికీ వేలంపాటల్లో తిరుగుతూనే ఉంది: మండుతున్న గ్రెనేడు, ఆ గుండు మీద పులి. పులి మన దేశానిదే.

పాత మిలిటరీ టోపీలు పోగుచేసేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. మన దగ్గర నాణేలు, తపాలా బిళ్లలు పోగుచేసేవాళ్లతో పోలిస్తే వీళ్లు తక్కువే. కానీ టోపీ గుట్టు విప్పడంలో ఉన్న మజా నాణెంలో లేదని నా పక్షపాతం. నాణెం మీద సంవత్సరం అచ్చేసి ఉంటుంది. టోపీ తన వయసు తనంతట తాను చెప్పదు, మనమే చెప్పించాలి.

కీసర మీదుగా ఎన్ని టోపీలు

కంచికచర్ల మండలం కీసర దగ్గర హైదరాబాదు–విజయవాడ రహదారి మున్నేటిని దాటుతుంది. ఇప్పుడు బస్సులో కూర్చున్నవాళ్లకు అదొక వంతెన, ముందొక టోల్‌గేటు, అంతే. నైజాం ఉన్న రోజుల్లో మాత్రం ఈ దారి రెండు రాజ్యాల మధ్య దారి. నందిగామ, జగ్గయ్యపేట దాటితే సరిహద్దు. అవతల కోదాడ నైజాంది. ఇంకా విచిత్రం, ఆ నైజాం మధ్యలో ఉన్న మునగాల పరగణా మళ్లీ మన కృష్ణా జిల్లాది.

1948 సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైనప్పుడు మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర దళం బెజవాడ వైపు నుంచే నైజాంలోకి వెళ్లింది. పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. ఎదురు నిలిచింది కవచపు కార్లు ఎక్కిన హైదరాబాద్ లాన్సర్లు. మన దళంలో గూర్ఖాలున్నారు. రజాకార్లు వేరే. వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ ఫొటోల్లో కనిపించేది కుచ్చు వేలాడే రూమీ టోపీతో. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. 18న హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయారు.

అందుకే ఈ మెట్ట ఊళ్ల అటకల మీద దొరికే టోపీని ఒక్క సైన్యానికి కట్టిపెట్టలేం. మద్రాసు ప్రభుత్వానిది కావచ్చు, నైజాందీ కావచ్చు, స్వతంత్ర భారతానిదీ కావచ్చు. లేదా అసలు సైన్యానిదే కాకపోవచ్చు.

అటక మీది టోపీ సగం సార్లు మిలిటరీది కాదు

ఈ సంగతి చాలామందికి రుచించదు. తాతగారు మిలిటరీలో చేశారని తరతరాలుగా చెప్పుకున్న ఇంట్లో, ఆ టోపీ రైల్వేదని చెబితే ముఖాలు మాడిపోతాయి. కానీ ఆ రోజుల్లో యూనిఫారం లేనివాడెవడు? పోలీసు, ఫారెస్టు, ఆబ్కారీ, జైలు, రైలు, తపాలా, అందరికీ టోపీయో తలపాగాయో ఉండేది. కలెక్టరు కచేరీలో బిళ్ల బంట్రోతుకు కూడా ఇత్తడి బిళ్ల ఉండేది. నైజాంలో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరీ జవాన్లు వేరే. సరిహద్దు ఊళ్లలో వాళ్లకు కొరతా?

రైలు బిళ్లకు ఒక మంచి గుర్తుంది. నైజాం రైలు 1889లో బెజవాడ దాకా వచ్చింది. అప్పుడు దాన్ని నడిపింది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే కంపెనీ. పొట్టిగా ఎన్.జి.ఎస్.ఆర్. 1930 ఏప్రిల్‌లో నైజాం సర్కారే దాన్ని కొనేసింది. పేరులో ‘గ్యారంటీడ్’ పోయి ఎన్.ఎస్.ఆర్. అయింది. బిళ్ల మీద ‘జి’ ఉంటే 1930కి ముందుది, లేకపోతే తర్వాతది. మధిర, ఎర్రుపాలెం, కొండపల్లి వైపు ఇళ్లలో దొరికే బిళ్లకు ముందు చెయ్యాల్సిన పరీక్ష ఇదే. ఆ అక్షరాలు కనిపించాక కూడా దాన్ని ‘నైజాం సైన్యం టోపీ’ అని అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు.

టోపీ చేతికొచ్చాక

తెలిసినవాడు టోపీని ముందు వైపు నుంచి చూడడు. తిరగేస్తాడు.

లోపల నుదుటికి ఆనే చోట తోలు పట్టీ ఉంటుంది. దాన్ని మెల్లగా, వేలితో కాకుండా మొద్దు అంచున్న చెక్కపుల్లతో పైకెత్తాలి. పాత తోలు బిస్కట్టులా పొడి రాలిపోతుంది. ఆ పట్టీ వెనక చెమట తగలని గుడ్డ ఉంటుంది. టోపీ పుట్టినప్పటి రంగు అక్కడే మిగిలి ఉంటుంది. బయట ఎండకు వెలిసి గడ్డిరంగుకు తిరిగిన ఖాకీ, లోపల ఇంకా ఆకుపచ్చ చాయలో కనిపిస్తే మంచి లక్షణం. లోపలా బయటా ఒకటే రంగు ఉంటే టీ నీళ్లలో ముంచి ముసలిదాన్ని చేశారేమో చూసుకోవాలి.

తర్వాత బిళ్ల. దాన్ని కొంచెం పక్కకు జరిపి దాని కింద గుడ్డ చూడాలి. ముప్ఫై ఏళ్లు ఒకేచోట కూర్చున్న బిళ్ల కింద గుడ్డ వెలవదు, చిమటలు కూడా అక్కడికి తక్కువ వెళతాయి. బిళ్ల ఆకారమే ముదురు రంగులో అచ్చుపడి ఉంటుంది. అచ్చు ఒక ఆకారం, బిళ్ల ఇంకో ఆకారం అయితే, ఆ టోపీకి ఆ బిళ్ల ఈమధ్యే పెట్టారన్నమాట. కన్నాలు లెక్కపెట్టండి. బిళ్ల వెనక రెండు కొక్కేలుంటే రెండు కన్నాలు చాలు. జారుడు పట్టీ ఉంటే ఒక నిలువు చీలిక. నాలుగైదు కన్నాలుంటే టోపీ ఎన్నో బిళ్లలు మార్చింది. ఇది తప్పేమీ కాదు, సైనికుడు బదిలీ అయితే బిళ్ల మార్చుకునేవాడే. కానీ కన్నం అంచు తెల్లగా, పోగులు లేచి ఉంటే అది పాత బదిలీ కాదు, కొత్త వ్యాపారం.

తోలు పట్టీ మీదో, లోపలి గుడ్డ మీదో ముద్ర ఉందేమో దీపం పక్కకు పెట్టి ఏటవాలు వెలుగులో చూడాలి. కుట్టిన కంపెనీ పేరు, సంవత్సరం, సైజు ఉండొచ్చు. బ్రిటిష్ సర్కారు సొత్తుకు బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం పక్కన ‘ఐ’ ఉంటే ఇండియా సరుకు. ‘సి’ అక్షరం కడుపులో బాణం ఉంటే కెనడాది, ‘యు’ లోపల ఉంటే దక్షిణాఫ్రికాది, రెండు ‘డి’ల మధ్య ఉంటే ఆస్ట్రేలియాది. సైజు అంకె కూడా ఊరికే ఉండదు. 7 అని ఉంటే చుట్టుకొలత సుమారు 22 అంగుళాలు, అంటే అడ్డుకొలత ఏడు అంగుళాలన్న లెక్క. 56, 57 అని సెంటీమీటర్లలో ఉంటే ఐరోపా ఖండపు అలవాటు. ఇంగ్లీషు టోపీ అని చెప్పి లోపల 57 కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

ఆపైన దారం. నైలాను 1930ల చివర్లో వచ్చింది, పాలిస్టరు 1940ల్లో. మొదటి ప్రపంచయుద్ధపు టోపీలో పాలిస్టరు దారం కుట్టు కనిపిస్తే అది మరమ్మతయినా కావాలి, మోసమయినా కావాలి. రాలిన పోగు ఒక్కటి దొరికితే నిప్పు అంటించి చూడవచ్చు. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసవుతుంది. టోపీలోంచి పోగు లాగి మాత్రం కాల్చకండి, అమ్మేవాడు ఊరుకోడు.

నీలి దీపం పరీక్ష గురించి అందరూ గొప్పగా చెబుతారు. అతినీలలోహిత కాంతిలో కొత్త గుడ్డ, కొత్త దారం తెల్లగా మెరుస్తాయి. కారణం, ఇప్పటి బట్టల్లో, సబ్బుల్లో కలిపే మెరుపు రసాయనాలు. నిజమే కానీ, నూరేళ్ల టోపీని మొన్న సంక్రాంతికి ఇంటావిడ సర్ఫు నీళ్లలో జాడించి ఉంటే అదీ మెరుస్తుంది. దీన్నొక్కదాన్నే నమ్మి మంచి టోపీని వదులుకోవద్దు.

కిరీటం చూసి కాలం చెప్పొచ్చు

బిళ్ల పైన కిరీటం ఉంటే సగం పని అయిపోయినట్టే. 1901 నుంచి 1952 దాకా, అంటే రాజుల కాలమంతా, ట్యూడర్ కిరీటం వాడారు. దాని పైకమ్ములు గుమ్మటంలా గుండ్రంగా లేస్తాయి. ఎలిజబెత్ రాణి వచ్చాక సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం. దాని కమ్ములు నడిమధ్యలో కిందికి కుంగుతాయి. 1901కి ముందు విక్టోరియా కాలపు కిరీటం కూడా మధ్యలో కుంగి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఈ రెండింటినీ తికమక పడతారు. 2022లో చార్లెస్ రాజు మళ్లీ ట్యూడర్‌కు మారాడు. ఇంకో యాభై ఏళ్లకు సేకర్తలు తలలు పట్టుకోబోతున్నారు.

ఇక మన లెక్కకు రండి. స్వాతంత్ర్యం వచ్చింది 1947లో అయినా, బిళ్లల మీద కిరీటం 1950 జనవరి 26 దాకా కొనసాగింది. ఆ తర్వాత అశోకుడి సింహాలు. ఎలిజబెత్ రాణి అయింది 1952లో. కాబట్టి భారత సైన్యపు బిళ్ల మీద ఎలిజబెత్ కిరీటం ఉండటానికి వీల్లేదు. ఉందంటే బర్మింగ్‌హామ్‌లోనో, మరో చోటో తర్వాత పోసిన నకలు. అలాగే ‘19వ హైదరాబాద్ రెజిమెంట్’ అన్న పేరు పుట్టింది 1922లో. దాని మీద విక్టోరియా కిరీటం ఉంటే నవ్వి పక్కన పెట్టండి.

అచ్చు గుద్దిన బిళ్లకు అంచులు పదునుగా ఉంటాయి, వెనక వైపు ముందు బొమ్మ పల్లంగా కనిపిస్తుంది. పోతపోసిన నకలుకు ఒంటి మీద సన్నటి స్ఫోటకం గుంటలుంటాయి. 1916లో లోహం కొరతొచ్చి రెండు లోహాల బిళ్లలను ఒట్టి ఇత్తడితో చేశారు. రెండో యుద్ధంలో ప్లాస్టిక్కు దాకా వెళ్లారు. ప్లాస్టిక్కు బిళ్ల చూసి నకిలీ అని పారేసినవాళ్లు తర్వాత ఏడ్చారు. ఇప్పుడవి ఇత్తడివాటికంటే ప్రియం.

తలపాగా మార్చబోతే తిరుగుబాటు

టోపీ కోసం ప్రాణాలు పోయిన కథ మద్రాసు సైన్యంలోనే ఉంది. ఆ సైన్యంలో తెలుగువాళ్లు దండిగా ఉండేవాళ్లు. కంపెనీ రికార్డుల్లో వాళ్లను ‘జెంటూ’ అని రాసుకున్నారు, వెతికేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

1805 నవంబరులో మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రాడాక్ పేరుతో కొత్త నియమాలు వచ్చాయి. కవాతులో నుదుట బొట్టు, నామం ఉండకూడదు. చెవిపోగులు తీసెయ్యాలి. గడ్డం గీయించుకోవాలి. పైగా పాత తలపాగా బదులు కొత్త నమూనా తలపాగా పెట్టుకోవాలి. చూడటానికి అది తెల్లవాళ్ల టోపీలా ఉంది. దాని మీద తోలు బిళ్ల కూడా. ఏ జంతువు తోలో ఎవరికి తెలుసు? హిందువులకూ పనికిరాదు, ముస్లిములకూ పనికిరాదు. ఇవాళ టోపీ, రేపు మతం అని సిపాయిల్లో గుసగుసలు మొదలయ్యాయి. 1806 మేలో వెల్లూరులో ఒక బెటాలియన్ ఆ తలపాగా పెట్టుకునేది లేదని మొండికేసింది. ఇద్దరిని, ఒక హిందువును, ఒక ముస్లిమును, కొరడాలతో కొట్టి ఉద్యోగం ఊడబెరికారు.

జూలై 10 తెల్లవారకముందే వెల్లూరు కోట భగ్గుమంది. కోటలో తెల్ల సిపాయిలను నిద్రలోనే కాల్చారు. అక్కడ ఖైదులో ఉన్న టిప్పు కొడుకుల పేరు మీద జెండా లేచింది. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో దూసుకొచ్చి ఆ పూటకే కోటను తిరిగి పట్టాడు. రెండువైపులా కలిపి వందల్లో చచ్చారు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిది హైదరాబాదు సంగతి. అదే జూలైలో హైదరాబాదులోని కంపెనీ దళంలోనూ ఇదే తలపాగా మీద ఇదే కోపం రాజుకుంటోంది. అక్కడి అధికారి మాంట్రిసార్ మద్రాసు నుంచి అనుమతి వచ్చేదాకా ఆగలేదు. తలపాగా హుకుం రద్దని తానే ప్రకటించాడు. మంట చల్లారింది. సైనిక చరిత్రలో ఇంత తెలివైన అవిధేయత అరుదని నా అభిప్రాయం. తర్వాత మద్రాసు కూడా ఆ నియమాలన్నీ వెనక్కి తీసుకుంది. 1807లో గవర్నర్ బెంటింక్‌నూ, క్రాడాక్‌నూ ఇంటికి పిలిపించారు. 1857కు యాభై ఒక్క సంవత్సరాల ముందు ముచ్చట ఇది.

కుమావ్ టోపీ మీద హైదరాబాదు సింహం

ఉత్తరాఖండ్ కొండల పేరు పెట్టుకున్న కుమావ్ రెజిమెంట్ బిళ్లను చూశారా? సగం సింహం, చేతిలో శిలువ. హిమాలయాల్లో శిలువ ఎక్కడిదంటే సమాధానం హైదరాబాదు కోఠీ రెసిడెన్సీలో దొరుకుతుంది. 1813 ప్రాంతాల్లో అక్కడ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ నిజాం డబ్బుతో ‘రస్సెల్ బ్రిగేడ్’ లేపాడు. అదే పెరిగి హైదరాబాద్ కంటింజెంట్ అయింది, 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది. పేరు హైదరాబాదే గాని జవాన్లను ఉత్తరాది నుంచి తీసుకోవడం అలవాటైపోయింది. 1945లో పేరు కూడా కుమావ్‌గా మార్చేశారు. సింహమూ శిలువా మాత్రం రస్సెల్ వంశపు చిహ్నం, అలాగే నిలిచిపోయింది. తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ 1942లో ఉద్యోగంలో చేరింది ఈ హైదరాబాద్ రెజిమెంటులోనే.

మద్రాస్ రెజిమెంట్ బిళ్ల మీది ఏనుగు కూడా అంతే. అది 1803 సెప్టెంబరు 23న జరిగిన అస్సాయి యుద్ధపు ఏనుగు.

అరవై కలపండి

పాత బిళ్ల మీద అంకె ఉండి, పటాలం పేరు అంతుపట్టకపోతే ఈ చిట్కా పనికొస్తుంది. 1903లో సైన్యాధిపతి కిచెనర్ భారత సైన్యాన్ని తిరగరాసినప్పుడు మద్రాసు పదాతి దళాల అంకెలకు అరవై కలిపారు. 1వ మద్రాస్ పయొనీర్స్ 61వ పయొనీర్స్ అయింది. బొంబాయివాటికి నూరు కలిపారు. హైదరాబాద్ కంటింజెంట్ పదాతి దళాలకు 94 నుంచి 99 దాకా ఇచ్చారు. 94, 95 రస్సెల్స్, 96 బేరార్, 97, 99 దక్కన్. అంటే 83 అంకె ఉన్న బిళ్ల 1903కు ముందుది కాజాలదు, 23 ఉంటే ముందుది కావచ్చు. 1922లో మళ్లీ అంతా చెరిపి కొత్త అంకెలు వేశారు. ఆ దశకం ముగిసేసరికి మద్రాసు పదాతి దళాలు దాదాపు లేకుండా పోయాయి. రెండో ప్రపంచయుద్ధంలో గాని మళ్లీ లేవలేదు. 1903–1922 మధ్య పందొమ్మిదేళ్ల కిటికీలో పడే తెలుగు సిపాయిల టోపీలు అందుకే అరుదు.

తలపాగా దొరకదు, కుళ్లా దొరుకుతుంది

తలపాగా పోగుచేద్దామనుకున్నవాళ్లకు ఒక చిక్కు. తలపాగా అంటే గుడ్డ. విప్పితే ఆరేడు గజాల బట్ట. ఇంట్లో దాన్ని చించి ఉయ్యాల కట్టారో, దుప్పటి కుట్టారో! మిగిలేది లోపలి శంఖు ఆకారపు కుళ్లా, ఉంటే అంచు కుచ్చు, బిళ్ల. పైగా ఒకే పటాలంలో సిక్కు కంపెనీకి ఒక కట్టు, పంజాబీ ముస్లిములకు ఒక కట్టు, డోగ్రాలకు ఒక కట్టు. కట్టు చూసి మనిషి వర్గం చెప్పొచ్చు, పటాలం చెప్పలేం.

అలాంటప్పుడు బొమ్మలే దిక్కు. మేజర్ లవెట్ రంగుల్లో వేసిన బొమ్మలతో 1911లో అచ్చయిన మెక్‌మన్ పుస్తకం ‘ది ఆర్మీస్ ఆఫ్ ఇండియా’ సేకర్తలకు పెద్దబాలశిక్ష. ఫొటోల్లో 1916 జూలై 14న సొమ్ యుద్ధంలో బరిలోకి దిగిన 20వ దక్కన్ హార్స్ చిత్రాలు ప్రపంచమంతా తెలిసినవి. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ ముగ్గురు కంచు రౌతుల్లో ఒకరు హైదరాబాదువాడు, మిగతావాళ్లు మైసూరు, జోధ్‌పూర్. 1918 సెప్టెంబరులో హైఫా పట్టుకున్న బ్రిగేడ్ వాళ్లది. 1922లో లెనార్డ్ జెన్నింగ్స్ చెక్కిన ఆ విగ్రహాల తలకట్టు వెనక్కి వెళ్లి కూడా చూడండి. ఫొటోల్లో వెనక వైపు ఎప్పుడూ కనిపించదు, విగ్రహానికి అన్ని వైపులూ ఉంటాయి.

తలపాగాల మాటకొస్తే మనవైపు వైభవం ఒకటి చెప్పాలి. జగ్గయ్యపేట స్తూపం నుంచి చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లిన చక్రవర్తి శిల్పం రెండువేల ఏళ్ల నాటిది. చెయ్యెత్తి నాణేల వాన కురిపిస్తున్న ఆ రాజు తలకు చుట్టిన పాగాను చూస్తే మన ప్రాంతంలో తలకట్టు ఎంత పాత విద్యో తెలుస్తుంది.

చిన్నచిన్నవి కొన్ని

గూర్ఖా టోపీ ఒకటి కాదు, రెండు. ఒక ఫెల్టు టోపీలో ఇంకో ఫెల్టు టోపీ దూర్చి కుడతారు. ఎండ దిగకుండా.

ట్యాంకు దళాల నల్ల బెరెట్‌ను 1924లో బ్రిటన్ ట్యాంకు సైన్యం మొదలుపెట్టింది. నల్లరంగే ఎందుకంటే నూనె మరకలు కనిపించవని.

దొరల బెండు టోపీ నిజంగా బెండే. నీటిలో పెరిగే జీలుగు జాతి మొక్క కాండంలోని తెల్లటి గుజ్జు. అందుకే చేతికి పువ్వులా తేలిగ్గా ఉంటుంది. బరువుగా ఉంటే కార్కుతో చేసింది.

వెలవని ఖాకీ అద్దకానికి ఫ్రెడరిక్ గాటీ 1884లో పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు ఖాకీ ఉతుకు ఉతుక్కీ ఒక రంగు.

1922–24 రంప తిరుగుబాటును అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ మన్యంలోకి వచ్చారు. చింతపల్లి, కృష్ణదేవిపేట వైపు దొరికే టోపీ కేరళదో అస్సాందో కావడంలో వింతేమీ లేదు.

పాత ఫెల్టు టోపీని తలకు పెట్టుకుని అద్దంలో చూసుకోకండి. ఒకప్పుడు ఫెల్టు తయారీలో పాదరసం నైట్రేటు వాడేవారు. ఆ పనివాళ్లకు చేతులు వణికి, మతి తప్పేది. పాదరసం ఆనవాళ్లు గుడ్డలో ఇంకా ఉండొచ్చు. చేతులు కడుక్కోండి.

సినిమా టోపీలు

హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ జుమ్మెరాత్ బజార్ తిరగని పాతసామాను పిచ్చివాడు లేడు. అక్కడ మిలిటరీ టోపీలు కనిపిస్తాయి. వాటిలో ఒక కోవ ప్రత్యేకంగా చెప్పుకోవాలి: సినిమా టోపీలు. తెల్లదొరల సిపాయిలతో మన వాళ్లు తీసిన సినిమాలు ఒకటా రెండా? 1974 ‘అల్లూరి సీతారామరాజు’ నుంచి 2022 ‘ఆర్ఆర్ఆర్’ దాకా ఎన్ని వందల టోపీలు కుట్టించి ఉంటారు! షూటింగు అయ్యాక కాస్ట్యూము అద్దె దుకాణాల్లో నలిగి, మట్టి పట్టి, సంతకొచ్చేసరికి వాటికి నిజంగానే వయసు వచ్చేస్తుంది. గుర్తు పట్టడం కష్టం కాదు. లోపల తోలు పట్టీ బదులు రెక్సిన్, సైజు అంకె లేదు, అన్నీ ఒకే సైజు, బిళ్ల జిగురుతో అంటించింది. అయినా సినిమా టోపీ అని నిజం చెప్పి అమ్మితే నేనైతే కొంటాను. నిజాం లాన్సరుది అని చెబితేనే మనకు టోపీ పెట్టినట్టు.

పరిశోధన ఎక్కడ

టోపీ చెప్పినంత చెప్పాక కాగితాల దగ్గరికి పోవాలి. మద్రాసు సైన్యం పుట్టుపూర్వోత్తరాలకు డబ్ల్యు.జె. విల్సన్ 1880ల్లో అయిదు సంపుటాలుగా రాసిన చరిత్ర ఉంది. మద్రాసు సర్కారు రికార్డులు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నైజాంవి హైదరాబాదు తార్నాకలో, ఎక్కువగా ఉర్దూ, పారశీ. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులున్నాయి. వస్తువుగా చూడాలంటే చెన్నై సెయింట్ జార్జి కోట మ్యూజియం. సైన్యపు ఇంజనీర్లయిన సాపర్ల ఎత్తయిన నీలిరంగు టోపీ ఎలా ఉంటుందో తెలియాలంటే బెంగుళూరు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. 1780లో రెండు కంపెనీల పయొనీర్లుగా పుట్టిన దళం అది.

కాగితాల కంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ‘బాబాయ్ బస్రా వెళ్లాడు’, ‘మామయ్య బర్మా నుంచి నడిచొచ్చాడు’ అన్న ఒక్క ముక్క, నాలుగు పుస్తకాల పని చేస్తుంది. దేశం తెలిస్తే దళాలు తగ్గుతాయి, ఏడు తెలిస్తే ఇంకా తగ్గుతాయి.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు. దాన్ని విదేశానికి సొంతంగా పంపడం నేరం, వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి. లండన్ నుంచి కొనేవాడు ‘పోస్టులో పెట్టెయ్యండి’ అంటే తొందరపడొద్దు. ఇంకొకటి, సైనికుడినని నమ్మించడానికి సైన్యపు టోపీ పెట్టుకుని తిరిగితే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను కింద మూడు నెలల దాకా జైలు. ఇంట్లో గాజుపెట్టెలో పెట్టుకుంటే ఎవరూ అడగరు.

మీ అటక మీద ఉంటే

బిళ్లను బ్రాసోతోనో చింతపండుతోనో తోమకండి. తళతళలాడితే ఇంటికి అందమేమో గాని, సన్నటి గీతలు అరిగిపోయి గుర్తు పట్టడానికి ఆధారమే పోతుంది. టోపీని ఉతకొద్దు, ఎండలో ఆరేయొద్దు, ఇస్త్రీ అసలొద్దు. లోపల లక్క పూసి గట్టిచేసినవి వేడికి మెత్తబడి కూలబడతాయి. చిమటలు పట్టి ఉంటే గాలి దూరని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి డీప్‌ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి, గుడ్లతో సహా చస్తాయి. తర్వాత సంచిలోనే మామూలు వేడికి రానిచ్చి తియ్యండి. రంగు లేని పలుచటి కాగితం ఉండచుట్టి లోపల కూరి, ఆకారం నిలబెట్టి, అట్టపెట్టెలో పెట్టండి. పాత వార్తాపత్రిక వద్దు, దాని ఆమ్లం గుడ్డను తినేస్తుంది.

తర్వాత ఒక కాగితం తీసుకుని ఆ టోపీ ఎవరిదో, ఏ ఊరో, ఏ ఏట చేరారో, ఏ దేశం వెళ్లారో, ఎవరు చెప్పగా విన్నారో రాయండి. నంబరు తెలిస్తే నంబరు. ఆ కాగితాన్ని టోపీతో పాటే పెట్టెలో పెట్టండి. పేరు లేని టోపీ సంతలో సరుకు, పేరున్న టోపీని మ్యూజియం కూడా తీసుకుంటుంది.